భయభక్తుల వైద్యం

మన తెలుగిళ్లలో ఇంగ్లీషు మందంటే భయం, ఆయుర్వేదమంటే భక్తి. రెండూ కలిపి మింగేవాణ్ణి భయభక్తులు గల రోగి అనాలి. ఏడాదిన్నరగా నేను ఆ కోవలోకి వస్తాను.

నాది కీళ్లవాతం. మోకాళ్లు అరిగే రకం కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే దారితప్పి సొంత కీళ్లను చితకబాదే రకం, రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేస్తే చొక్కా బొత్తాలు మా ఆవిడే పెట్టాలి. అసలు మందు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుందని, అప్పటిదాకా వాపు తగ్గించడానికి డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాశారు. 10 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్ అయ్యాక. "మీ అంతట మీరు ఆపొద్దు" అని రాసి కింద రెండు గీతలు కూడా గీశారు. ఆ గీతలు మా ఇంట్లో ఎవరి కంటా పడలేదు. స్టెరాయిడ్ అన్న మాట మాత్రం సాయంత్రానికల్లా నాలుగు జిల్లాల్లో ఉన్న చుట్టాలకు చేరింది.

మర్నాటి నుంచి పరామర్శలు. మా పెద్దక్క డబ్బాడు సున్నుండలు తెచ్చింది, బలానికి. పిన్నత్తగారు రాత్రి పడుకోబోయే ముందు పాలలో పసుపు, మిరియాలు, బెల్లం వేసి ఇమ్మని మా ఆవిడకు ఫోన్లో ఆర్డర్ వేశారు. ఎదురింటాయన రోజూ గ్లాసుడు తిప్పతీగ రసం పంపడం మొదలుపెట్టాడు. గొంతు గరగర అన్నానని మా ఆవిడ అతిమధురం వేసి నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి పోసింది. మోకాళ్లకు నువ్వుల నూనె మర్దన సరేసరి. ఇవేవీ డాక్టరుగారికి చెప్పకూడదన్నది ఇంటిల్లిపాది తీర్మానం. చెబితే ఆయన బాధపడతారట.

ఇందులో శాస్త్రీయత లేదనే వాళ్లకు నా జవాబు ఇది. స్టెరాయిడ్ వచ్చి, రెచ్చిపోయిన బలగాన్ని "ఇక ఇంటికి పొండి" అని సముదాయిస్తుంది. తిప్పతీగ వచ్చి అదే బలగానికి లాఠీలు పంచుతుంది. ఇంతటి సమతూకం ఏ ఆస్పత్రిలో దొరుకుతుంది? అతిమధురానిది మరీ మంచి మనసు. కిడ్నీల దగ్గర స్టెరాయిడ్‌ను చల్లార్చి పంపే ఎంజైమ్ ఒకటుంది. అతిమధురం దాని చెయ్యి పట్టుకుని ఆపి, "ఉండవోయ్, ఇంకాసేపు కూర్చోనీ" అంటుంది. కూర్చున్న చుట్టం బీపీని పెంచి, పొటాషియాన్ని బయటికి పంపి, కాళ్లకు నీరు పట్టించి గానీ లేవదు.

నెల తిరిగేసరికి నా బుగ్గలు పూరీల్లా పొంగాయి. స్టెరాయిడ్ వల్ల వచ్చే ఈ గుండ్రదనానికి డాక్టర్లు మూన్ ఫేస్ అని పేరు పెట్టుకున్నారు. ఓ పెళ్లిలో చూసినవాళ్లందరూ "ఒళ్లు చేశావు, కళగా ఉన్నావు" అన్నారు. ఎదురింటాయన తిప్పతీగ పేరు చెప్పాడు. స్టెరాయిడ్ చేసిన పనికి తిప్పతీగకు శాలువా కప్పి పంపాం.

అప్పుడు రంగంలోకి దిగాడు మా తోడల్లుడు. "అన్నయ్యగారూ, ఆ విషం ఎన్నాళ్లు మింగుతారు?" అంటూ ఓ చూర్ణం డబ్బా చేతిలో పెట్టాడు. ఊరి పేరు, కంపెనీ పేరు లేవు. నూరు శాతం మూలికలు, సైడ్ ఎఫెక్టులు లేవు అని మాత్రం ఉంది. ఏ మూలికలో లేదు. అడగడం భక్తి లక్షణం కాదు గనక నేనూ అడగలేదు. మాత్ర మానేసి చూర్ణం మొదలుపెట్టాను.

మూడో రోజు పొద్దున నా బొత్తాలు నేనే పెట్టుకున్నాను! మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. కీళ్లవాతంతో కదల్లేకుండా ఉన్న ఒకామెకు కార్టిజోన్ సూది వేస్తే వారం తిరక్కుండా లేచి నడిచింది. ఆ పరిశోధనకు 1950లో నోబెల్ ఇచ్చారు. మా తోడల్లుడికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ రెండు సంఘటనలూ అంత అచ్చుగుద్దినట్టు ఎందుకున్నాయో అప్పుడు నాకు తట్టలేదు.

రెండు నెలలు హాయిగా గడిచాయి. మూడో నెల డబ్బా అయిపోయింది, తోడల్లుడేమో తీర్థయాత్రలో ఉన్నాడు. నాలుగు రోజులకు వాంతులు, కళ్లు తిరగడం, మంచం మీంచి లేవబోతే కింద పడటం. ఆస్పత్రికి తీసుకెళితే బీపీ బాగా పడిపోయిందన్నారు. కిడ్నీల నెత్తిన టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. ఒంటికి కావలసిన సొంత స్టెరాయిడ్, కార్టిసాల్, రోజూ అవే వండిపెడతాయి. బయటి నుంచి నెలల తరబడి క్యారియర్ వస్తుంటే పొయ్యి ఆర్పేసి పడుకుంటాయి. క్యారియర్ ఒక్కసారిగా ఆగితే ఇంట్లో తిండి ఉండదు. డాక్టరుగారు గీసిన ఆ రెండు గీతల అర్థం ఇదన్నమాట.

ఆయన నా ముఖం వంక చాలాసేపు చూశారు. "మాత్ర మానేసి రెండు నెలలు దాటిందంటున్నారు. మరి ఈ బుగ్గలేంటి? ఈ షుగరేంటి?" అన్నారు. మా ఆవిడ సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అడుగున మిగిలిన చూర్ణాన్ని ల్యాబ్‌కు పంపితే డెక్సామెథసోన్ తేలింది. అదీ స్టెరాయిడే, ఆ మేయో క్లినిక్ కార్టిజోన్ కుటుంబమే. ప్రెడ్నిసొలోన్‌కు పెద్దన్నయ్య, మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము చూస్తే ఆరేడు రెట్లు ఘాటు. అంటే నేను స్టెరాయిడ్‌కు భయపడి మానేసింది స్టెరాయిడ్ కోసమే. కాకపోతే మొదటిదానికి కొలత ఉంది, రసీదు ఉంది.

ఆ తరవాత ఆయుర్వేదంలో డిగ్రీ, అంటే బీఏఎంఎస్ చదివిన ఒక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. కూర్చోగానే ఆయన అడిగింది డాక్టరుగారి చీటీ. నా జబ్బు సంగతి విని, మాధవ నిదానమనే పాత ఆయుర్వేద గ్రంథంలో చెప్పిన ఆమవాతానికి దగ్గరగా ఉందన్నాడు. "ఇంత వాపు మీద నూనె రుద్దమని ఎవరు చెప్పారు? ఇసుక మూటతో పొడి కాపడం పెట్టాలి" అన్నాడు. పాలు, బెల్లం, మినుములు ఈ జబ్బుకు అపథ్యమన్నాడు. అంటే పిన్నత్తగారి బెల్లం పాలు రెండు దెబ్బలకు, పెద్దక్క సున్నుండలు ఇంకో రెండు దెబ్బలకు ఎగిరిపోయాయి. అతిమధురం, తిప్పతీగ కొట్టేశాడు. యోగరాజ గుగ్గులు అనే ఆయుర్వేద మందు సంగతి లివర్ రిపోర్టు చూశాక ఆలోచిద్దామని, రాసిన ప్రతి మందూ డాక్టరుకు చూపించమని, మాత్ర మాత్రం ఆపొద్దని చెప్పాడు.

"ఈయనకు ఆయుర్వేదం అంతగా వచ్చినట్టు లేదు. ఇంగ్లీషు మందు మానమనలేదు" అంది పెద్దక్క.

ఇప్పుడు ఏడున్నర మిల్లీగ్రాములకు తగ్గించారు. నిన్న పొద్దున బ్లేడుతో మాత్రను సగానికి కోస్తున్నాను, సగం ముక్క ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. చీపురుపుల్లతో లాగుతుంటే తోడల్లుడి ఫోన్. ల్యాబ్ రిపోర్టు సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. పాపం, నొచ్చుకున్నాడేమో అనుకున్నాను.

"అయితే అన్నయ్యగారూ," అన్నాడు చివరికి, గొంతులో గర్వం పొంగుతుండగా, "స్టెరాయిడ్‌ను కూడా మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారన్నమాట!"