అయిదుకి ఒక మార్కు! మా పిల్ల రాసిందాంట్లో తప్పేముంది?

గంట కూడా కాలేదు ఇది జరిగి. ఇంకా కోపం తగ్గలేదు, ఏమైనా తడబడితే సర్దుకుని చదవండి.

మా చెల్లెలి కూతురు మన డెల్టాలోనే ఒక కాలేజీలో బీటెక్ రెండో ఏడాది. కంప్యూటర్ ఆర్గనైజేషన్ మిడ్ పేపర్లు ఇచ్చారని ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా ఆ పేపర్ నా ముందు పెట్టింది. "మావయ్యా, నేను రాసింది తప్పా?" అంది. కాష్ మెమరీ ఎందుకు కావాలో రాయమన్నారు. అయిదుకి ఒకటి వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో, "బ్లాక్ డయాగ్రం ఏది? కథలు రాయొద్దు."

ఆ పిల్ల రాసిన కథ ఏంటో చెప్తాను వినండి. ప్రాసెసర్ చాలా వేగం, మెయిన్ మెమరీ దూరం. కావాల్సినప్పుడల్లా అంత దూరం వెళ్తే పని ఆగిపోతుంది. గోదావరి నుంచి విజ్జేశ్వరం దగ్గర కాలవకి వదిలిన నీరు మొగల్తూరు శివారు చేలకి చేరాలంటే రోజులు పడుతుంది. అదే చేను పక్కన బోదెలో, అంటే చిన్న పిల్లకాలవలో, నీరుంటే మడవ తీస్తే చాలు. కాష్ ఆ బోదె లాంటిది, చిన్నది, దగ్గరిది. అక్కడితో ఆగలేదు. బోదెలో నీరు వాడితే అయిపోతుంది, కాష్‌లో ఉండేది మాత్రం కాపీ, అసలుది మెమరీలోనే ఉంటుంది, కాబట్టి కాష్‌లో మార్చింది మెమరీలో కూడా మార్చాలి అని ఆ తేడా కూడా రాసింది. పోలిక ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తెగిపోతుందో రెండూ తెలిసిన పిల్లకి ఒక మార్కా?

1965లో మారిస్ విల్క్స్ అనే బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ సంగతి మీద పేపర్ రాసినప్పుడు దానికి కాష్ అనే పేరే లేదండీ. స్లేవ్ మెమరీ అన్నాడు. ఐబీఎం వాళ్లు 1968లో సిస్టమ్ 360 మోడల్ 85 అనే కంప్యూటర్ ప్రకటించినప్పటి నుంచి కాష్ అన్న మాట వాడుకలోకి వచ్చింది. ముందు అవసరం పుట్టింది, తర్వాత ఆలోచన, చివరికి పేరు. మన క్లాసుల్లో పేరు, నిర్వచనం, నాలుగు డబ్బాలు, రెండు బాణాలు, ఇంతే మిగిలాయి. అవసరం ఏంటో ఎవరూ చెప్పరు.

పేపర్ పక్కన పడేసి ల్యాప్‌టాప్ తీయమన్నాను. సీ భాషలో 8000 వరసలు, 8000 నిలువుల అంకెల పట్టిక పెట్టించి, మొత్తం కూడమన్నాను. ముందు వరసల వెంట, తర్వాత నిలువుల వెంట. అవే అంకెలు, అదే మొత్తం. రెండోసారి కొన్ని రెట్లు ఎక్కువ సేపు పట్టింది. పిల్ల కళ్లు ఇంతయ్యాయి! మెమరీ నుంచి ఒక్క అంకె అడిగినా 64 బైట్లు కలిపి వస్తాయి, అంటే నాలుగు బైట్ల అంకెలు పదహారు. ఒక వరస అంకెలు మెమరీలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వరసలో వెళ్తే పదహారూ పనికొస్తాయి. నిలువుగా వెళ్తే ఒకటి వాడుకుని తక్కిన పదిహేనూ వదిలేసి మళ్లీ దూరం పోవాలి. పది నిమిషాల్లో అర్థమైపోయింది. ఈ పది నిమిషాలు క్లాసులో ఎందుకు దొరకలేదు? ఆ ల్యాబ్‌లో కంప్యూటర్లు లేవా? ఉన్నాయి.

నా కడుపుమంట అసలు ఈ ఒక్క మార్కుది కాదు. నేను చదివినప్పుడు కూడా ఇంతే. మా ల్యాబ్‌లో 8085 అనే ప్రాసెసర్‌తో నేర్చుకునే కిట్లు ఉండేవి, అద్దాల బీరువాలో, తాళం వేసి. "పాడైపోతాయి, ముట్టుకోకండి." 3ఈ, 06, 80, 76 అని ప్రాసెసర్‌కి ఇచ్చే ఆదేశాల కోడ్లు రికార్డులో అందంగా రాశాం, సీనియర్ల రికార్డు చూసి. ప్రాసెసర్ లోపల అంకె పెట్టుకునే గదులు, రిజిస్టర్లు, వాటిలో దేంట్లోకి ఏం వెళ్తుందో, 80 కొడితే ఏ రెండిటిని కూడుతుందో ఒక్కసారైనా చేత్తో నొక్కి చూడలేదు. బయటి నుంచి పరీక్ష పెట్టే ఎక్స్‌టర్నల్ సార్ వచ్చిన రోజు మాత్రం కిట్లు తుడిచి బల్ల మీద పెట్టారు. ల్యాబ్ ఫీజు మా నాన్న దాళ్వా ధాన్యం అమ్మి కట్టాడు.

హైదరాబాద్‌లో మొదటి ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఏంటో తెలుసా? ఇందాక మా పిల్ల చేత చేయించిందే. నిలువుగా కూడితే ఎందుకు ఆలస్యం అని. నాకు కాష్ నిర్వచనం మొత్తం వచ్చు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఎదురుగా ఉన్నాయన రెండు నిమిషాలు ఓపిక పట్టి, కాగితాలు మూసేశాడు. తిరుగు బండిలో నిడదవోలు దాకా నిద్ర పట్టలేదు. చదవలేదని కాదు ఏడుపు. చదివాను. రాత్రింబవళ్లు చదివాను.

శివారు రైతుకి వంతు వచ్చేసరికి కాలవలో నీరు అయిపోయినట్టు, మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి చదువులో సారం ఎందుకు అయిపోవాలండీ? వీళ్ల బుర్రలు ఏం తక్కువ? కాలవ గట్టు మీద పెరిగిన పిల్ల కాష్‌ని కాలవతో పోల్చి రాసిందంటే, ఆ సార్ ఆ పేపర్ తీసుకెళ్లి క్లాసంతటికీ చదివి వినిపించాల్సింది.

నాకు ఎక్కువ బాధ పెట్టింది ఇందాక పిల్ల లేస్తూ అన్న మాట. "పోనీలే మావయ్యా, సెమిస్టర్‌లో గైడులో ఉన్న బొమ్మే వేసేస్తాను."

వేయనివ్వను. సోమవారం పొద్దున్నే ఆ పేపర్ పట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రాం పెట్టుకుని ఆ సార్‌ని కలవడానికి వెళ్తున్నాను. గొడవకి కాదు. ఆయన ముందు రెండు రకాలుగా కూడి చూపిస్తాను. ఆ బీరువాలకి ఇంకా తాళాలు ఉన్నాయేమో కూడా చూసొస్తాను.