వరండాలోకి జరిపిన బల్ల

మొన్న కాలిఫోర్నియాలోని మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం ముగిసి పిల్లల నృత్యాలు మొదలయ్యే వేళకు, ఆడిటోరియం ద్వారం పక్కన నేనూ మా మామయ్యగారూ వేసుకున్న బల్లను వరండాలోకి జరపమని కార్యకర్తలు అడిగారు. ఆ చోటు ఒక స్పాన్సరుకు ముందే కేటాయించారట. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. స్పాన్సర్లు లేనిదే హాలు అద్దె కట్టలేమన్న సంగతి ఒకప్పుడు కార్యవర్గంలో పనిచేసిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనసుకు గుచ్చుకున్నది ఆ తరువాత జరిగిన ముచ్చట. వేదిక మీది పెద్దమనిషి ఒకరు మైకు అందుకొని, “ఇది సాంస్కృతిక కార్యక్రమమండీ, పాత సామాన్ల సంత కాదు. బండ్లూ బొమ్మలూ ఇంటి దగ్గర పెట్టుకొని రండి” అన్నారు. సభ నవ్వింది. నవ్వినవారిలో నాకు ఆప్తులైనవారూ ఉన్నారు.

ఇంతకీ ఆ బల్ల మీద ఉన్నవి రెండే. ఒకటి 1983లో విడుదలైన ఆపిల్ టూ-ఈ కంప్యూటరు, దానికి తగిలించిన పచ్చ తెర. రెండోది, నెలనెలా మోటారుసైకిళ్ళ మీద కొండదారులు తిరిగి వచ్చే మా మిత్రబృందం ఫొటోలు అతికించిన అట్ట. పెద్దాయన బండ్లన్నది ఆ ఫొటోలను, బొమ్మ అన్నది ఆ కంప్యూటరును.

ఆ కంప్యూటరు కథ కొంచెం వివరంగా చెప్పడానికి సంపాదకులు చోటిచ్చారు కనుక చెబుతాను. కూపర్టినోలోని డి ఆంజా కాలేజీ పార్కింగు స్థలంలో ఒకప్పుడు నెలకొక శనివారం ఎలక్ట్రానిక్స్ సంత జరిగేదన్నది ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నవారికి తెలిసిందే. తెల్లవారకముందే టార్చిలైట్లు పట్టుకొని వెళ్ళి, కారు డిక్కీల్లో పరిచిన సామాన్లలో వెతుక్కొనేవాళ్ళం. నేను అక్కడ కొన్న ఈ యంత్రం ఏళ్ళ తరబడి గ్యారేజీలో అటక మీదనే పడి ఉంది. కిందటేడు మామయ్యగారు ఆరు నెలలు ఉండిపోదామని వచ్చినప్పుడు దానికి మోక్షం కలిగింది. ఆయన విద్యుత్ బోర్డులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఈ ఊళ్ళో కారు నడపలేరు, టీవీ సీరియళ్ళు చూడలేరు. పగలంతా కిటికీ దగ్గర కూర్చొని వీధిలో మనుషులెందుకు కనిపించరని అడిగేవారు.

ఒక శనివారం ఇద్దరం కలిసి దాన్ని కిందికి దించి స్విచ్చి వేశాం. కాసేపటికి లోపల ఫట్‌మని చప్పుడైంది, గ్యారేజీ నిండా చేదు పొగ కమ్ముకుంది. నేను ప్లగ్గు లాగేశాను. ఆయన మాత్రం ఎన్నాళ్ళకో తెలిసిన వాసన తగిలినట్టు ముఖం విప్పార్చి, “కంగారు పడకండి అల్లుడుగారూ, కెపాసిటరు పోయింది, అంతే” అన్నారు. నిజమే. ఆ కాలపు పవర్ సప్లైల్లో కరెంటు లోపలికి వచ్చే చోట అందులోని చిన్న చిన్న ఒడిదుడుకులను వడకట్టడానికి కాగితపు కెపాసిటర్లు పెట్టేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ వాటి పైతొడుగు బీటలు వారి లోపలికి తేమ చేరుతుంది. మళ్ళీ కరెంటు తగలగానే అవి పొగలు కక్కుతాయి. అది వడపోతకే గనుక యంత్రానికి హాని లేదు. కొత్తది తెప్పించి ఆయనే టంకం వేశారు. మళ్ళీ స్విచ్చి వేసినప్పుడు వినిపించిన ‘బీప్’ శబ్దానికి ఆయన మా అత్తయ్యగారిని వంటింట్లోంచి కేకేసి పిలిచారు.

తెలుగు అన్న మాటే ఎరుగని ఆ యంత్రానికి అక్షరాలు నేర్పాలన్నది మా అమ్మాయి ఆలోచన. దాని తెర మీద అడ్డంగా 280, నిలువుగా 192 చుక్కలు పడతాయి. ఒక్కొక్క బైటు, అంటే మెమరీలో ఒక అంకె పట్టే గడి, ఏడు చుక్కలను వెలిగిస్తుంది. ఎడమ చివరి చుక్కకు 1, దాని పక్కదానికి 2, ఆపైన 4, అలా 64 దాకా విలువలు కట్టి, వెలగవలసిన చుక్కల విలువలు కూడి టైపు చేస్తే ఆ వరుస తెర మీద కనిపిస్తుంది. అత్తయ్యగారు చుక్కల ముగ్గు వేసినట్టే గళ్ళకాగితం మీద ‘అ’ దించారు, మా అమ్మాయి దాన్ని అంకెల్లోకి మార్చింది. ఉగాదినాడు ఆ బల్ల దగ్గర జరిగిందీ అదే. పిల్లలు తమ పేరులోని మొదటి అక్షరాన్ని గళ్ళలో నింపితే మామయ్యగారు కూడికలు సరిచూసేవారు. అక్షరం తెర మీద పచ్చగా వెలగగానే పక్కవాళ్ళను పిలిచి చూపించుకొనేవారు. ఆదివారం తెలుగు బడికి రానని కారు దిగకుండా మొరాయించే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ వరుసలో నిలబడి, ‘క్ష’ ఎలా రాయాలని ఆయన్ను అడగడం నా కళ్ళతో చూశాను. బల్ల వరండాలోకి వెళ్ళాక వరుస చెదిరిపోయింది. “పోనీలెండి, ఇక్కడ గాలి బాగా వస్తోంది” అని మామయ్యగారు కుర్చీ జరుపుకొన్నారు. మైకులో వచ్చిన మాటలు ఆయన వినలేదని అనుకోవడానికి లేదు.

సంస్కృతి అంటే వేదికకెక్కేది మాత్రమేనా అన్నది నా ప్రశ్న. ఈ పత్రికకు రచనలు పంపేవారిలో చాలామంది ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు అక్షరాలు రాబట్టేవారే. ఆ పద్ధతికి మూలమైన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ 1990ల తొలినాళ్ళలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు రాసిన ప్రోగ్రాము వల్లనే నాటి ఇంటర్నెట్ తెలుగువాళ్ళు ఒకరికొకరు పద్యాలు పంపుకోగలిగారు. ఆ తరువాత తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అనే తెలుగు ఖతులు (ఫాంట్లు) రూపొందించి ఉచితంగా పంచిపెట్టారు. 2006లో తెలుగు టైపు చేసుకొనేందుకు వీవెన్‌గారి లేఖిని వచ్చింది. ఏ కంపెనీ జీతమిచ్చీ ఈ పనులు చేయించలేదు, ఏ మహాసభా తీర్మానం చేయలేదు. సరదా కొద్దీ, పట్టుదల కొద్దీ, తీరిక దొరికినప్పుడల్లా కూర్చున్నవాళ్ళు చేశారు. అప్పట్లో వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు “ఎందుకొచ్చిన గొడవ, ఆదివారం పూట కాస్త నిద్రపోకూడదా” అనే ఉంటారు.

మనం బతుకుతున్న ఈ సిలికాన్ లోయ సంగతి సరేసరి. 1975 మార్చి 5న మెన్లో పార్కులో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో కొందరు ఔత్సాహికులు హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు పేరుతో సమావేశమయ్యారు. వాళ్ళలో స్టీవ్ వాజ్నియాక్ ఒకరు, ఆపిల్ మొదటి యంత్రాన్ని ఆయన చూపించుకొన్నది ఆ మిత్రులకే. మనలో ఎంతమంది ఇంటి అప్పు వాయిదాలు ఆ గ్యారేజీ కాలక్షేపం పుణ్యాన కడుతున్నామో ఆలోచిస్తే, మైకు ముందు అంత తేలికగా నవ్వగలమా? మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో 1960ల నాటి ఐబీఎం 1401 కంప్యూటర్లను బాగుచేసి నడిపించి చూపిస్తున్నవారిలో ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. అమెరికావాళ్ళ ముసలితనానికి అంత గౌరవమున్న పని దొరుకుతుంటే, మన దగ్గరికి వచ్చే పెద్దలకు మనం చూపిస్తున్నది కాస్ట్‌కో దుకాణం, గుడి, మళ్ళీ కాస్ట్‌కో.

బండ్ల విషయంలో అభ్యంతరాలు ఇంతకన్న బరువైనవి, వాటిని తోసిపుచ్చను. మైళ్ళ లెక్కన చూస్తే ఈ దేశంలో కారులో వెళ్ళేవారికంటే మోటారుసైకిలు మీద వెళ్ళేవారికి ప్రాణాపాయం ఇరవై రెట్లకు పైమాటే. భర్త ఆదివారం పొద్దున్నే హెల్మెట్టు పెట్టుకొని వెళ్ళిపోతే పిల్లలను సంగీతానికీ ఈతకూ తిప్పే చాకిరీ ఎవరి మీద పడుతుందని ఒక సోదరి నన్ను నిలదీశారు, అందులో పూర్తి న్యాయముంది. అందుకే మా బృందం చీకటితో బయలుదేరి, పిల్లల తరగతులు మొదలయ్యే వేళకు ఇళ్ళకు చేరుతుంది. శిక్షణ పొందినవారిని తప్ప చేర్చుకోము. వాన కురిసిన మర్నాడు కొండదారుల జోలికి పోము. ఇంత చెప్పినా భయం పోదని తెలుసు, పోవాలని కూడా అనను.

అయితే ఆ ఉదయాల్లో ఏం జరుగుతుందో తెలియకుండా తీర్పు చెప్పకూడదు. నేను విజయవాడ ఆటోనగర్ దుమ్ములో పెరిగినవాణ్ణి. మా మేనమామ బుల్లెట్టుకు కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు ఉండేవి. కిక్కు కొట్టే ముందు కరెంటు చూపే అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా ఓపిక పట్టమని, లేకపోతే బండి కాలు విరగ్గొడుతుందని ఆయన హెచ్చరించేవాడు. ఆదివారం ఆయన ఇంజను విప్పి పాత చీర మీద పరిస్తే వీధిలో పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. ఒక్కొక్క సామాను పేరు చెప్పి మా చేతికిచ్చేవాడు. కార్బురేటరు అంటే ఏమిటో ఇంటర్మీడియెట్ పుస్తకం కంటే ఆ చీర మీదే బాగా అర్థమైంది. అదే ఊళ్ళో, అదే కాలంలో, “ముందు ఎంసెట్ ర్యాంకు, తరువాత ఏదైనా” అని పెద్దవాళ్ళు వీపు మీద చరిచి లోపలికి పంపిన స్నేహితులు నాకెందరో ఉన్నారు. వాళ్ళకు ర్యాంకులు వచ్చాయి, ఇళ్ళు వచ్చాయి, ఆ ‘తరువాత’ మాత్రం ఇంకా రాలేదు. ఆ ఆనవాయితీనే మనం పెట్టెల్లో సర్దుకొని ఇక్కడికి తెచ్చుకొన్నాం. పిల్లవాడు గిటారు పట్టుకొంటే కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి పనికొస్తుందా అని అడుగుతాం. శనివారం విందులో వడ్డీ రేట్ల గురించీ ఇళ్ళ ధరల గురించీ తప్ప మరో మాట ఎత్తినవాణ్ణి వింతగా చూస్తాం.

ఉడ్‌సైడ్ పైన స్కైలైన్ దారీ 84వ నంబరు రహదారీ కలిసే కూడలిలో ఆలిస్ రెస్టారెంటు ముందు ఆదివారం పొద్దున బండ్లు బారులు తీరి ఉంటాయి. అక్కడి కాఫీ బల్లల దగ్గర మా వాళ్ళు మాట్లాడుకొనే తెలుగు మన సభల్లో వినిపించదు. ఒకాయన ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకముందే మాకు చెప్పుకొన్నాడు. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి తండ్రి అంత్యక్రియలకు వెళ్ళలేకపోయినవాడు ఆ దుఃఖాన్ని మొదటిసారి ఆ చెట్ల కిందనే బయటపెట్టాడు. ఇటువంటి మాటలు మైకులో రావు. నలుగురు పక్కపక్కన ఒకే పని చేసి అలిసినప్పుడు వాటంతటవే వస్తాయి.

కార్యవర్గానికి డబ్బు ఇబ్బంది ఉంది, ఇన్సూరెన్సు ఇబ్బంది ఉంది, కార్యకర్తలు వారమంతా ఉద్యోగాలు చేసి వారాంతంలో కుర్చీలు మోస్తున్నారు. ఇన్ని తెలిసీ అడుగుతున్నాను. రాబోయే దసరా సంబరాలకు అద్దెకు తీసుకొనే బడిలో తరగతి గదులు ఎలాగూ ఖాళీగా ఉంటాయి. వాటిలో ఒకటి ఇటువంటివారికి ఇవ్వండి. మా కంప్యూటరు ఒక్కటే కాదు, మనలో హామ్ రేడియో నడిపేవారున్నారు, చెక్కతో వీణ బుర్ర చెక్కుతున్నవారున్నారు, టెలిస్కోపు అద్దం అరగదీసుకొంటున్న ఒక డాక్టరుగారున్నారు. సందర్శనకు వచ్చిన తల్లిదండ్రులను ఆ గదికి తీసుకురండి. వాళ్ళ చేతుల్లో ఉన్న పనితనం ఏమిటో పిల్లలకు తెలుస్తుంది.

రెండో విన్నపం బండ్లవాళ్ళ తరఫున. దసరా తరువాతి ఆదివారం లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో దర్శనం చేసుకొని, మైన్స్ రోడ్డు మీదుగా హామిల్టన్ కొండకు వెళ్ళాలనుకొంటున్నాం. 4,200 అడుగుల ఆ శిఖరం మీది లిక్ వేధశాలకు శాన్ హోసే వైపు నుంచి ఎక్కే దారి గుర్రపు బండ్లు సామాను లాగగలిగేలా 1876లో ఏటవాలు తక్కువగా వేసినది, కాబట్టి అన్ని మెలికలు. బండి నచ్చనివారు ఆ దారిలో కార్లలో రావచ్చు, పైన అందరం కలిసి పులిహోర తిందాం. మైన్స్ రోడ్డు మీద పెట్రోలు దొరకదు కనుక ఆ దారిన వచ్చేవారు లివర్‌మోర్‌లోనే ట్యాంకు నింపుకోవాలి. సంఘం దీనికి ఒక్క డాలరు ఖర్చు పెట్టనక్కర్లేదు, కార్యక్రమాల పట్టికలో ఒక పంక్తి వేస్తే చాలు. తరగతి గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో కార్యదర్శిగారు ముందుగా తెలియజేస్తే, దసరానాడు పొద్దున్నే వచ్చి బల్లలు నేనే వేయిస్తాను.