మిర్యాము చేతిలో ఉన్నది తంబురా, డప్పా?

ఒంగోలులో మా నాయనమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, అందరం అన్నాలు తిన్నాక వసారాలో మొదలైన మాట ఇది. ఒకరు మా చిన్నాయన. తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు, సంఘపెద్ద. రెండోది మా చెల్లెలు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది, సెలవుల్లో పల్లెలు తిరిగి పాటలు పోగుచేస్తుంది. క్రైస్తవం మన భాషకూ బతుక్కూ ఏం చేసిందన్నదే వాదన. ఇద్దరూ విశ్వాసులే కాబట్టి ఎవరూ మతాన్ని తిట్టలేదు, ఎవరూ మొహమాటపడలేదు.

చిన్నాయన: తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు ఎవరు వేయించారమ్మా? బెంజమిన్ షుల్జ్ అనే పాదిరి. జర్మనీలో హాలే ఊళ్ళో, 1746లో. మన అక్షరాన్ని అచ్చుకెక్కించిందీ సువార్తే, గుడిసె దాకా తెచ్చిందీ సువార్తే.

చెల్లెలు: షుల్జ్ పుస్తకం మన గుడిసెకు యాడొచ్చింది చిన్నాయనా? మన దాకా రావడానికి ఇంకో నూటపాతికేళ్ళు పట్టింది. తెచ్చింది కూడా అమెరికా నుంచి వచ్చిన పాదిరి క్లౌ దొర కాదు, యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. అంతకుముందే రాజయోగం నేర్చినవాడు, ధ్యానమంటే తెలిసినవాడు. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో. 1867 జనవరిలో పేరయ్య ఊరి దగ్గరికి పోయేసరికి జనం అప్పటికే సిద్ధంగా ఉన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. దున్నిందెవరు, విత్తిందెవరు? మన కూడికల్లో మాత్రం దొర పేరే ముందొస్తుంది.

చిన్నాయన: పేరయ్యను నేను తక్కువ చెయ్యను. కానీ దొరకూ ఒక పరీక్ష వచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని నీ బడికి పంపం అన్నారు పెద్ద కులాలవాళ్ళు. ఆ రోజు ఆయనొక చోట, ఆయన భార్య ఇంకొక చోట బైబిలు తీస్తే ఇద్దరికీ ఒకే పుట తెరుచుకుందని చెప్పుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. జ్ఞానులను సిగ్గుపరచడానికి దేవుడు లోకంలోని వెర్రివాళ్ళను ఏర్పరచుకున్నాడనే మాట. బడి ఖాళీ అవుతుందని తెలిసీ మనవైపు నిలబడ్డాడు. అది చిన్న సంగతా?

(ధాత కరువు మీద ఇద్దరికీ పేచీ లేదు. గంజి కోసమే మతంలో కలిశారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు గనక నేనే చెబుతున్నాను. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. ఆ కరువులో బాప్తిస్మాలు ఆపేశాడు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది నీళ్ళలోకి దిగింది 1878 జులై 3న, ఆ తరువాత.)

చెల్లెలు: చిన్న సంగతి అనను. కానీ చేరినవాళ్ళకు మూడు కట్టుబాట్లు పెట్టారు గదా. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడోదానితోనే డప్పు పోయింది.

చిన్నాయన: పోవాల్సిందే! డప్పు ఎవరి కోసం కొట్టారమ్మా? ఊళ్ళో శవం లేచినా, అమ్మవారి కొలుపైనా, దండోరా వెయ్యాలన్నా పిలవంగానే పోవాలి. పోకపోతే దెబ్బలు, పోతే మిగిలిన కూడు. "కొట్టను" అన్న మాట మనవాళ్ళు ఊరికి మొదటిసారి ఎదురు చెప్పిన మాట. ఆదివారం పనికి రామన్నదీ అంతే. వారానికి ఒక రోజు మన ఒళ్ళు మనదైంది. దానికెన్ని బాధలు పడ్డారో నువ్వే పాఠం చెబుతావు గదా.

చెల్లెలు: వెట్టి పోవాలి, ఒప్పుకుంటా. విద్య ఎందుకు పోవాలి? తోలు ఎట్టా పదును చెయ్యాలి, వరిగడ్డి మంట మీద ఎంతసేపు కాస్తే గొంతు విప్పుతుంది, చిర్రా చిటికెనపుల్లా, ఆ రెండు వాయించే పుల్లలు ఏ వేళ్ళ మధ్య ఎట్టా ఆడాలి... ఇదంతా ఒక బడి. ఆ బడికి ఎవరూ జీతం కట్టలేదు, ఎవరూ భవనం కట్టలేదు. మనమే మూసేసుకున్నాం. (లోపలికి పోయి నాయనమ్మ కీర్తనల పుస్తకం తెచ్చింది. అట్ట ఊడి, దారంతో కుట్టి ఉంది. అంచులు నూనె చేతులకు నల్లబడ్డాయి.) చూడు. ప్రతి పాట నెత్తినా రాగం, తాళం. క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాటలు నాకూ ప్రాణమే. కానీ కచేరీల్లో పాడే రాగాలన్నీ గుడిలోకొచ్చాయి, మన పల్లె దరువుకు ఒక్క పుట కూడా దొరకలేదు.

చిన్నాయన: పరాయి రాగం పట్టుకోవడం ఓడిపోవడం కాదు. జాషువా గారు 1941లో గబ్బిలం రాసినప్పుడు కాళిదాసు మేఘసందేశం అచ్చే తీసుకున్నాడు. మబ్బు చోట గబ్బిలాన్ని పెట్టి, గుడిలోకి రానివ్వనివాడి మొర కాశీలో శివుడికి పంపాడు. పాత్ర వాళ్ళది, అందులో పోసింది మన కన్నీరు. కీర్తనలూ అంతే.

చెల్లెలు: సరే, పండితుడివి గదా, ఇది చెప్పు. బైబిల్లో నిర్గమకాండం పదిహేనో అధ్యాయం. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడి సముద్రం దాటాక, మోషే అక్క మిర్యాము చేతిలో ఏముంది?

చిన్నాయన: తంబుర. "మిర్యాము తంబురను చేత పట్టుకొనెను."

చెల్లెలు: హీబ్రూలో అక్కడున్న మాట తోఫ్. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించే వాద్యం. తీగలు లేవు చిన్నాయనా. బానిసత్వం వదిలించుకున్న ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి డప్పు కొట్టారు! బైబిల్లో నూట యాభయ్యో కీర్తనలోనూ అదే మాట, అక్కడా మనకు తంబురే. దేవుడి పుస్తకంలో ఉన్న డప్పు తెలుగులోకి వచ్చేసరికి తీగల వాద్యమైపోయింది.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. (ఆయన్ని అట్టా చూడటం నాకు కష్టమనిపించింది. నలభై ఏళ్ళుగా ఆ వాక్యం చదివి వినిపించిన మనిషి.)

చిన్నాయన: మాటకు అర్థమొక్కటే కాదమ్మా, వాసన కూడా ఉంటుంది. ఆ రోజుల్లో డప్పు అంటే చావు, వెట్టి. ఆ మాట పెడితే మన ముసలోళ్ళే గాయపడేవాళ్ళు. నేనైనా తంబుర అనే రాసేవాణ్ణేమో. తప్పే అయినా.

చెల్లెలు: పెట్టుంటే ఆ వాసన మారేది.

చిన్నాయన: మారేదేమో. కానీ ఆ పుస్తకం తెలుగు మీ నాయనమ్మకు ఏమిచ్చిందో మర్చిపోవద్దు. అక్షరం రాదు. మిరపతోటలో కలుపు తీస్తా "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అనేది. ఆమెకు లేనిదే ఎక్కువ. అయినా "లేమి కలుగదు" అని గ్రాంథికంలో, తప్పులేకుండా, తల పైకెత్తి అనేది. ఆ భాష అంతకుముందు మన వాడ గడప తొక్కలేదు.

చెల్లెలు: అనేదా, పాడేదా?

చిన్నాయన: పాడేది. చేట చెరుగుతా పాడేది.

చెల్లెలు: ఏ రాగంలో?

చిన్నాయన: పుస్తకంలో ఉన్నది కాదు. (కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడించాడు. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. చేట మీద గింజ ఎగిరిపడే దెబ్బ, రెండు చిన్నవి, ఒకటి పెద్దది.) ఇట్టా ఉండేది.

చెల్లెలు: ఇది డప్పు దరువే చిన్నాయనా.

చిన్నాయన: నాకు తెలియదు. మా అమ్మ పాట, అంతవరకే తెలుసు.

చెల్లెలు ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. రెండో చరణం ఆయనకు గుర్తు రాలేదు. వంటింట్లోంచి మా అత్త అందుకుంది.