లోక్‌పాల్ వారికి ఒక మనవి

పెద్ద పదవుల్లో ఉన్నవారి అవినీతిపై ఫిర్యాదులు విచారించే మహారాజశ్రీ లోక్‌పాల్ వారి దివ్య సముఖానికి, మైదానాల్లో మీ పేరు జపించిన జనం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. 2025 అక్టోబరులో మీ కార్యాలయం ఏడు బీఎండబ్ల్యూ కార్లకు టెండరు పిలిచింది కదా! ‘మా గృధః కస్యస్విద్ధనమ్’, అంటే ఎవరి ధనానికీ ఆశపడకు అన్న ఉపనిషద్వాక్యాన్ని మీరే ధ్యేయంగా పెట్టుకున్నారు. అందులో కార్ల ప్రస్తావన లేదు, నిజమే.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, 1963లోనే ఎంపీ ఎల్.ఎం.సింఘ్వీ మీకు పేరు పెట్టేశారు. 1968 నుంచి 2001 దాకా మీ బిల్లు ఎనిమిదిసార్లు లోక్‌సభ గడప తొక్కింది. 1985 నాటిదాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. సభ రద్దయినప్పుడల్లా తక్కినవి మురిగిపోతూ వచ్చాయి.

2011లో మీ చట్టం కోసం జనం రోడ్డెక్కారు. ఆగస్టు 27న అన్నా హజారే అడిగిన మూడు అంశాలకూ పార్లమెంటు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మర్నాడు ఆయన కొబ్బరినీళ్లు, తేనె పుచ్చుకుని దీక్ష విరమించారు. రామ్‌లీలా మైదానంలో టెంట్లు విప్పేశారు. ‘సూత్రప్రాయంగా’ అంటే ఎంతో డిసెంబరు 29 అర్ధరాత్రి తేలింది. మీ బిల్లు మీద ఓటింగ్ లేకుండానే రాజ్యసభ వాయిదా పడింది. చట్టం కావడానికి 2013 డిసెంబరు దాకా పట్టింది.

అసలు కథ ఆ తర్వాతే. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలిగా! మిమ్మల్ని ఎంపిక చేసే కమిటీలో ప్రధాని, స్పీకర్, ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన సూచించిన న్యాయమూర్తి, ఒక న్యాయ నిపుణుడు, లోక్‌సభలో ప్రతిపక్ష నేత ఉండాలి. 2014లో ఆ హోదాకు తగిన సీట్లు ఏ పార్టీకీ రాలేదన్నారు. కుర్చీ ఒకటి తక్కువైందని మొత్తం పని ఆగింది. ఆ ఒక్కరు లేకపోయినా చట్టం నడుస్తుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తొలి ఛైర్మన్ వచ్చింది 2019 మార్చిలో. ఫిర్యాదు నమూనా ఖరారైంది 2020 మార్చిలో, అంటే చట్టం అమల్లోకి వచ్చిన ఆరేళ్లకు! 2022 మే నుంచి 2024 మార్చి దాకా మళ్లీ పూర్తికాలపు ఛైర్మన్ లేరు. ఖాళీ కుర్చీ మీద ఎవరు ధర్నా చేస్తారు? టీవీలో అది కనపడనే కనపడదు.

ఇంకో ముచ్చట. అధికారులు తమవీ, భార్యాభర్తలవీ, పిల్లలవీ ఆస్తులు వెల్లడించాలని మీ చట్టం సెక్షన్ 44లో ఉండేది. 2016 జులైలో రెండు రోజుల్లో రెండు సభలూ దాన్ని మార్చేశాయి. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో కేంద్రమే నిర్ణయిస్తుందన్నారు. అప్పుడు ఒక్క కొవ్వొత్తి కూడా వెలిగినట్టు గుర్తులేదు.

జనం గెలవరని కాదు. 2017లో రొమేనియా ప్రభుత్వం, నష్టం రెండు లక్షల లేయి (అక్కడి కరెన్సీ) లోపు ఉంటే అధికార దుర్వినియోగం నేరం కాదంటూ రాత్రికి రాత్రి ఆర్డినెన్సు తెచ్చింది. జనం వీధులు నింపేస్తే వారం తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. ‘ఈ కాగితం చించెయ్’ అనే డిమాండుకు జవాబు అవుననో కాదనో ఉంటుంది, గుంపుకు అది చేతనైన పని. హాంకాంగ్‌లో 1973లో అవినీతి దర్యాప్తులో ఉన్న పీటర్ గాడ్‌బర్ అనే పోలీసు అధికారి దేశం దాటేశాడు. జనం మండిపడ్డారు. ఏడాది తిరక్కుండా, 1974 ఫిబ్రవరిలో అవినీతి నిరోధక కమిషన్ పుట్టింది. పుడుతూనే పోలీసులతో సంబంధం లేని సొంత దర్యాప్తు సిబ్బంది, అరెస్టు అధికారం దానికి ఉన్నాయి. మీకు దక్కిందల్లా ముందు పేరు, తర్వాత చట్టం, ఆ తర్వాత ఎదురుచూపు.

కాబట్టి ఈసారి ‘అవినీతి నశించాలి’ అని రాయించం. అట్టల మీద తేదీలు రాయిస్తాం: నియామకం ఏ రోజు, నిబంధనల నోటిఫికేషన్ ఏ రోజు, సిబ్బంది మంజూరు ఏ రోజు. నినాదానికి ప్రాస కుదరదు, గొంతుకు పట్టదు, తెలుసు. డిమాండు ఒప్పుకున్న రోజున కాక, గెజిట్ చేతికొచ్చిన రోజున టెంటు విప్పుతాం. టెంటు అద్దె పెరుగుతుంది, ఆ సంగతి చందాలు వసూలు చేసేవాళ్లు ముందే చూసుకోవాలి.

చిత్తగించవలెను.

గమనిక: ఇది ఫిర్యాదు కాదు. నిర్ణీత నమూనాలో లేదు, అఫిడవిట్ జతచేయలేదు. తప్పుడు ఫిర్యాదుకు ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా విధించే సెక్షన్ 46 మాకు వర్తించదని మనవి.