సన్నికల్లుకు సెలవు మంజూరు

పెళ్లిలో మా వారు నా కాలు పట్టుకుని సన్నికల్లు మీద పెట్టారు. ఈ రాయిలా స్థిరంగా ఉండమని ఆ మంత్రానికి అర్థం. ఆయన నా కాలు పట్టుకున్నది ఆ ఒక్కసారే కాబట్టి ఆ సంగతి నాకు బాగా గుర్తుంది.

నాది ఇచ్ఛాపురం, కాపురం ఒడిశాలోని బరంపురం. రాయిలా ఉండటమంటే వంటింట్లోంచి కదలకపోవడమేనని ఇన్నాళ్లూ నాకు నేనే అన్వయం చెప్పుకున్నాను. పక్క వాటాలోకి కటక్ వాళ్లు దిగాక అది తప్పని తేలింది. సన్నికల్లుకు ఏటా సెలవుంది!

జూన్ నడుమ, మిథున సంక్రాంతికి వచ్చే రజో పండగ అది. ఆ మూడు రోజులూ భూదేవి బహిష్టు. నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. నాలుగో రోజు సన్నికల్లునే భూదేవిగా భావించి పసుపు రాసి స్నానం చేయిస్తారు, బొట్టూ పూలూ పెడతారు.

ఇదే సందర్భానికి నాకు కొత్త కాపురంలో పెరటి వసారా, ఒక చాప, విడిగా ఒక చెంబు కేటాయించారు. ఉయ్యాల ప్రస్తావన రాలేదు. తరువాత అత్తయ్యకు మోకాళ్లు పట్టేసి, వంటకు మరో మనిషి లేకపోయేసరికి ఆ మైల రాత్రికి రాత్రే రద్దయింది. శాస్త్రాన్ని అంత త్వరగా సవరించగల శక్తి ఆకలికి తప్ప మరెవరికీ లేదు.

అలాగని రజో సెలవును తొందరపడి మెచ్చుకోకూడదు. పండగకు ముందు రోజును సజబజ అంటారు. మూడు రోజులకు సరిపడా మసాలా ఆ రోజే నూరిపెట్టుకోవాలి. పొడొ పిఠా ఉంది: బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి కలిపి, అరిటాకులో చుట్టి, సన్నని సెగ మీద రాత్రంతా కాల్చాలి. పక్కింటావిడ తెల్లవారాక పొగకు ఎర్రబడిన కళ్లతో నాకో ముక్క తెచ్చి ఇచ్చింది. అంచు నల్లగా మాడి, లోపల మెత్తగా, బెల్లం వాసనతో ఎంత బాగుందో చెప్పలేను. "పడుకున్నారా?" అన్నాను. "సెలవు కదండీ, ఇప్పుడు పడుకోవాలి" అంది. వాళ్లాయన అప్పటికే వీధి అరుగు మీద పేకాటలో ఉన్నారు. భూదేవి తరఫున విశ్రాంతి తీసుకునే బరువు ఎవరో ఒకరు మోయాలి మరి.

మనమూ ఈ పండగ చేద్దామన్నాను. "అది ఒడియా వాళ్లది, మనం తెలుగువాళ్లం" అన్నారు మా వారు. న్యాయమే. అయితే మార్గశిర గురువారాల్లో నేను తెలుగు పద్ధతిలో పిండివంటలూ, ఒడియా పద్ధతిలో బియ్యప్పిండి ముగ్గులూ రెండూ చేయాలి. "ఈ నీళ్లు తాగుతున్నాం, వీళ్ల ఆచారమూ పాటించాలి" అంటారప్పుడు. ఆ వారాల్లో చదివే కథలో లక్ష్మీదేవి గుడి వదిలి వెళ్లిపోతే, జగన్నాథుడూ బలభద్రుడూ అన్నానికి ముఖం వాచి తిరుగుతారు. అందులోని నీతి ఆయనకు ఇలా అర్థమైంది: "చూశావా, దేవుళ్లకే వంట చేతకాలేదు." 1936లో మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు నుంచి ఒడిశాకు మారింది. పనులకు మేము రెండు రాష్ట్రాల వాళ్లం, సెలవులకు మాత్రం ఏ రాష్ట్రం వాళ్లమూ కాము.

మగవారు మారుతున్నారని నేను వాదించబోయాను. కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వే నా నోరు మూయించింది. ఇంటిపని చేసే మగవారు 2019లో దానికి రోజుకు సగటున 97 నిమిషాలు ఇస్తే, 2024లో ఇచ్చింది 88. ఆడవాళ్ల లెక్క 299 నుంచి 289కి దిగింది. "నాకు తొమ్మిది తగ్గితే నీకు పది తగ్గాయి. లాభం నీదే" అన్నారాయన. లెక్కల్లో ఆయన ఎప్పుడూ దిట్టే.

2024 ఆగస్టు 15న ఒడిశా ఉప ముఖ్యమంత్రి ప్రవతి పరిడా ఉద్యోగినులకు నెలకొక రోజు రుతుస్రావ సెలవు ప్రకటించారు. నాకు ఉద్యోగం లేదు, పని మాత్రమే ఉంది. కనుక సన్నికల్లుతో సమాన హోదా కోరుతూ, పెళ్లినాటి మంత్రాన్ని ఆధారంగా చూపి, తెల్లకాగితం మీద అర్జీ రాసి ఫ్రిజ్‌కు అంటించాను.

మా వారు ఆఫీసులో సెలవు చీటీలు చూసే సీటులోనే ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివారు. ఎర్ర సిరాతో సంతకం చేసి, కింద రాశారు: "మంజూరు. ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసి వెళ్లవలెను."

ప్రత్యామ్నాయం కోసం ఇల్లంతా చూశాను. మా వారు దినపత్రిక వెనుక ఉన్నారు. అబ్బాయి ఫోనులో ఉన్నాడు. పక్కింటి పెరట్లో సన్నికల్లు ఒళ్లంతా పసుపుతో, నెత్తిన మందారంతో, తీరిగ్గా ఎండ కాగుతోంది.