కుర్చీ చేతికిచ్చి పంపేస్తే సరిపోతుందా?

తాటిచెట్టు మీద నుంచి పడి నడుము పోయాక నాకు వీల్‌చైర్ వచ్చి ఐదేళ్లు. నల్లగొండ చుట్టుపక్కల గీత పని చేసే ఊళ్లలో ఇదేం కొత్త కథ కాదు. చెట్టెక్కడం మా నాన్న రెండేళ్లు దగ్గరుండి నేర్పాడు. మోకు ఎట్లా వేయాలి, బరువు ఎటు మోపాలి, గాలి తోలితే ఏం చేయాలి, అన్నీ. కుర్చీ మాత్రం క్యాంపులో ఇచ్చి, ఫొటో దిగి, ఆటో ఎక్కించారు. నడపడం గురించి ఒక్క మాట లేదు.

కుర్చీ వెనక, కిందికి రెండు బుడ్డ చక్రాలు ఉంటాయి. యాంటీ టిప్పర్లు అంటారు. కుర్చీ వెనక్కి ఒరిగితే అవి నేలకు ఆని ఆపుతాయి. నాకు ఆ సంగతి తెలియదు. ఇంటి ముందు మోరీ దాటుతుంటే అవి గట్టుకు ఆనేవి, పెద్ద చక్రాలు గాల్లో తిరిగేవి, నేను అక్కడే ఉండేవాణ్ని. వెల్డింగ్ షాపు తమ్ముడు చూసి, "అన్నా, ఇవి పీకేద్దాం, పీడ పోతది" అన్నాడు. పీకేశాం.

నిజంగానే పోయింది, మూడు వారాలు. తర్వాత పింఛను కాగితాల కోసం ఒక ఆఫీసుకు పోయాను. ర్యాంపు ఉందని సంబరపడ్డాను. వెనక హ్యాండిళ్లకు సంచి, అందులో దారిలో కొన్న మూడు కిలోల దోసకాయలు. సగం ఎక్కి, గట్టిగా ఒక్క తోపు తోశాను. ముందు చక్రాలు లేచాయి. తర్వాత కనిపించింది ఆకాశమే. తల వెనక నాలుగు కుట్లు. దోసకాయలు ఏరడానికి ఇద్దరు ఉరికారు, నన్ను లేపడానికి ఒక్కడు.

ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి ర్యాంపు. మా మేనల్లుడు టేపుతో కొలిస్తే అక్కడ అడుగున్నర ఎత్తుకు ఐదడుగులే ఉంది. వాళ్ల తప్పు అది. కానీ ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకు వంచాలని, సంచి వెనక తగిలించొద్దని నాకూ తెలియదు కదా.

తర్వాత ఒక ఫిజియోథెరపీ అక్క నేర్పింది. కుర్చీ ఫ్రేముకు బెల్టు కట్టి వెనక నుంచి పట్టుకొని, ముందు చక్రాలు లేపి రెండు చక్రాల మీద నిలబడమంది. ముందుకు పడబోతే చక్రాలు ముందుకు తోయాలి, వెనక్కి పడబోతే వెనక్కి లాగాలి. మోకులో ఆనుకొని నిలబడ్డట్టే ఉంది! అట్లా వచ్చాకే మోరీలు, గడపలు దాటడం వచ్చింది. బుడ్డ చక్రాలు మళ్లీ పెట్టించాను, అవసరమైతే పైకి తిప్పుకునేవి. నేర్చుకోకముందే పీకెయ్యకండి, దయచేసి.

వీల్‌చైర్ ఇవ్వడంలో ఎనిమిది మెట్లు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే చెప్పింది. ఏడోది వాడకం నేర్పడం, ఎనిమిదోది తర్వాత వచ్చి చూసుకోవడం. కెనడాలో డల్హౌసీ యూనివర్సిటీ వాళ్లు ఈ విద్యలన్నీ పాఠాలుగా చేసి ఉచితంగా పెట్టారు. అంటే ఖర్చు సాకు కూడా లేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు, అంటే చెట్టు మీద నుంచి పడకుండా కాపాడే సామాను, ఇచ్చినప్పుడు శిక్షణ కూడా ఇచ్చింది, మంచిదే. పడకుండా ఉండేవాళ్లకు నేర్పేటోళ్లున్నారు, ముందే పడ్డోళ్లకేమో ఫొటో.

ఆ ర్యాంపు ఇంకా అట్లనే ఉంది. మొన్న మళ్లీ పోయాను. కింద ఆగి మేనల్లుణ్ని వెనక పట్టుకోమన్నాను. దోసకాయలు ఒళ్లో పెట్టుకున్నాను.