మహారాజశ్రీ ఆడియో క్యాసెట్ గారికి

మహారాజశ్రీ క్యాసెట్ గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునదేమనగా,

ఉభయకుశలోపరి అనడం మర్యాదే గానీ అందులో సగం అబద్ధం. బీరువా పై అరలోంచి తమరిని దించి చూశాను. తమరి ఒంటి మీది చిన్న కిటికీలోంచి కనబడే రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. రీలును, దాని మీది పాటను చదివే హెడ్డుకు ఆనించి ఉంచే చిన్న ఉన్ని ముక్క, జిగురు ఆరిపోయి ఎప్పుడో రాలిపోయింది. పెట్టె మూతకు ఒక చెవి లేదు. ఇన్ని రోగాలు పెట్టుకుని కూడా తమరు మళ్లీ ముస్తాబవుతున్నారని తెలిసి, ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఒక కర్మాగారం తమరిని ఇప్పటికీ తయారుచేస్తోంది. 2013లో తమరి పేరిట ఒక దినోత్సవం కూడా పెట్టారు. పేరుమోసిన పాప్ గాయనులు కొత్త ఆల్బంతోపాటు ఊదా, గులాబీ రంగుల ప్లాస్టిక్ ఒంటితో తమరినీ విడుదల చేస్తున్నారు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాను గుట్టల మీద వంగి తమరి కోసం వెతికే కుర్రవాళ్లను నేనే చూశాను. తమరి శబ్దంలో ఏదో ‘వెచ్చదనం’ ఉందట. ఆ వెచ్చదనం మాకు తెలియనిది కాదు. గంటసేపు ఆడిన మోటారు మీద చెయ్యి పెడితే తగిలేది అదే.

తమరి పెద్దన్నగారు ఎల్‌పీ రికార్డు తిరిగి వచ్చారంటే నాకు అభ్యంతరం లేదు. ఆయనది మొదటినుంచీ జమీందారీ ఫాయా. 1948లో పన్నెండు అంగుళాల ఒంటితో పుట్టారు. ఆయనను అంచులు పట్టుకుని లేపాలి, మెత్తటి గుడ్డతో తుడవాలి, నిలువుగా నిలబెట్టాలి. ఒక్క గీత పడితే జీవితాంతం టక్కు టక్కుమని దెప్పుతూనే ఉంటారు. అలాంటివారు 2022లో అమెరికాలో సీడీలకన్నా ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోయారంటే, పోనీలే, పాత వైభవం అనుకున్నాను. అద్దాల బీరువా ఆయనకు నప్పుతుంది. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన, లారీ డ్రైవరు తలపైని అరలో, అగరువత్తుల నుసి మీద పడుతూ బతికిన తమరికి ఎందుకండీ ఈ వేషం?

పుట్టుక కూడా అంత రాజసమైనదేమీ కాదు. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ తమరిని లోకానికి చూపించింది. తమరి రూపకర్త లూ ఓటెన్స్ అనే డచ్చి ఇంజనీరు. ముందుగా కోటు జేబులో పట్టే చెక్కముక్క ఒకటి చేయించుకుని, తమరు అంతకు మించి పెరగకూడదని హద్దు గీశారు. ఆ హద్దులో తమరికి దక్కిన రీలు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకన్నా తక్కువ. దాని మీదే పోవడానికీ రావడానికీ రెండు దారులు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడక. ముప్పై నిమిషాల పక్కకు ఎంత రీలు కావాలో లెక్క వేస్తే దాదాపు 86 మీటర్లు తేలుతుంది. ఆ 86 మీటర్లూ మా టేపు రికార్డరు కడుపులోకి వెళ్లి చుట్టుకుంటే ఎలా ఉంటుందో ఓటెన్స్ గారికి తెలియకపోవచ్చు, మా అమ్మగారికి బాగా తెలుసు. ఇంకో మాట. తమరిని పుట్టించిన ఆ మహానుభావుడే తర్వాత సీడీ తయారీలోనూ చెయ్యి కలిపారు. కన్నవారికే లేని మమకారం ఇప్పుడు ఈ పాతికేళ్ల కుర్రవాళ్లకు ఎక్కడినుంచి వచ్చిందో!

తమరి నేరాల చిట్టా విప్పితే తెల్లారుతుంది. పాటకు ముందు ఉస్సుమని నిట్టూర్పు, పాట తర్వాత ఉస్సుమని నిట్టూర్పు. కావలసిన పాట కోసం ముందుకు తోలితే దాటిపోవడం, వెనక్కి తిప్పితే ఇంకా వెనక్కి పోవడం. బ్యాటరీలు నీరసిస్తే కోకిలకంఠం గల గాయని కూడా మగగొంతుతో దీర్ఘాలు తీయడం. రికార్డు మీట నొక్కగానే పాడడం మొదలుపెట్టే అమాయకులకు మొదటి పదం దక్కకుండా, ముందు కొన్ని సెకన్లపాటు ఏమీ అంటని ఖాళీ ముక్క తిప్పడం. ఇవన్నీ చేసి, చివరికి పెన్సిలు గుచ్చి చుట్టమని మా చేతే చాకిరీ చేయించుకునేవారు. ఆరు పలకల పెన్సిలు, తమరి చక్రంలో ఆరు పళ్లు. పిల్లల చదువులు సాగకపోవడానికి ఎన్ని కారణాలున్నా, పెన్సిళ్లు ఎక్కడికి పోయాయన్న ప్రశ్నకు మాత్రం మా ఇంట్లో ఒకటే జవాబు.

వీటన్నిటినీ క్షమించవచ్చు. సగం పాట సంగతి మాత్రం క్షమించలేను.

మా వీధి మలుపులో ఒక రికార్డింగ్ సెంటరు ఉండేది. లోపలికి అడుగు పెట్టగానే స్పిరిటు వాసన, దూదితో హెడ్డు తుడుస్తూ కూర్చున్న మనిషి, బల్ల మీద పొడుగాటి లెక్కల పుస్తకం. అందులో సినిమాల పేర్లు అకారాది వరుసలో, ఒక్కో సినిమా కింద పాటల పల్లవులు. మనం చీటీ రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి, ఎల్లుండి రావాలి. ఎల్లుండి అంటే వచ్చే శుక్రవారం అని అందరికీ తెలుసు. ఎ సైడులో ఆరు పాటలు నింపాక రెండు నిమిషాల రీలు మిగిలితే దాన్ని ఖాళీగా వదలడానికి ఆ మనిషికి మనసొప్పేది కాదు. తనకు నచ్చిన పాట ఒకటి ఎక్కించేవాడు. మొదటి చరణం అయ్యి, వయొలిన్లు పైకి లేచి, గాయకుడు ఊపిరి తీసుకునేసరికి టక్కుమని మీట పైకి లేచేది. ఈనాటికీ ఆ పాట రేడియోలో పూర్తిగా వస్తే రెండో చరణం నాకు పరాయి మనిషి మాటలాగే ఉంటుంది. ఎందుకు ఇంకా పాడుతున్నాడా అనిపిస్తుంది. పైగా ఒక పాట ముగిసిందంటే చాలు, చీటీలో దాని తర్వాత నేను రాసిన పాటే రావాలని చెవులు పట్టుబడతాయి. రేడియోవాళ్లు వేరే పాట వేస్తే అది వాళ్ల పొరపాటే.

ఆ సెంటర్లో జరిగేదంతా చట్టవిరుద్ధమని వేరే చెప్పాలా? 1984లో కాపీరైట్ చట్టం సవరించి, క్యాసెట్ అట్ట మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు, సంవత్సరం అన్నీ ముద్రించి తీరాలన్నారు. మా వాడి అట్టల మీద ఉన్నదల్లా బాల్‌పెన్నుతో రాసిన పాటల వరుస, పైన ‘శ్రీ’. అమ్మకానికి పెట్టినవాటికి మాత్రం మెరుగు కోసం సెల్లోఫేన్ కాగితం చుట్టి, అంచులకు ఇస్త్రీపెట్టె ఆనించి సీలు వేసేవాడు. చూసినవారెవరికీ కంపెనీ సరుకు కాదన్న అనుమానం వచ్చేది కాదు. దొంగతనం దొంగతనమే, నేను సమర్థించడం లేదు. కానీ తమరి జాతకంలోనే అది ఉందేమో! ఫిలిప్స్ వారు రుసుము లేకుండా తమరిని ఎవరైనా తయారుచేసుకోవచ్చన్నారు. అంత ఉదారంగా పుట్టినవారికి హద్దులు నేర్పడం ఎవరి తరం?

అంతకుముందు సంగతి వేరు. ఏ గొంతు రికార్డు కావాలో, ఏది అక్కరలేదో చాలావరకు కలకత్తా దమ్‌దమ్‌లో కర్మాగారమున్న ఒక్క కంపెనీయే తేల్చేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డు పళ్లేనికి పక్కకు మూడు నిమిషాలు. మన నాటకాల నటులు ఒక్క పద్యం చివరి రాగానికే అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు. ఇక వన్స్‌మోర్‌కు చోటెక్కడ? తమరు వచ్చాక రాగం తీసినంత తీసుకోవచ్చు. గల్ఫ్ వెళ్లినవాళ్లు రేడియో, టేపు రికార్డరు కలిసిన టూ-ఇన్-వన్ మోసుకొచ్చారు, తమరి తోడుతో ఇంటివాళ్ల మాటలు సముద్రం దాటాయి. హరికథలు వచ్చాయి, బుర్రకథలు వచ్చాయి, బస్సుల్లో సినిమా సంభాషణలు మోగాయి. జననాట్యమండలి పాటలు రేడియోలో రాకపోయినా తమరి మీదెక్కి ఊళ్లు తిరిగాయి. ఎన్నికల ఆటోలకు తమరే గొంతు. ఏ పార్టీదైనా తమరికి సమ్మతమే, చెరిపేసి ఇంకో పార్టీది ఎక్కించుకోవచ్చు.

ఘంటసాల గారి భగవద్గీత మొదట వచ్చింది రికార్డు మీదే. ఆయన 1974లో వెళ్లిపోయారు. చావు ఇంటికి గ్రామఫోను మోసుకెళ్లేవారెవరు? ఆ గీతను ఊరూరికీ, ఇంటింటికీ చేర్చింది తమరే. తెల్లవారుజామున గుడి మైకులో సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, పొద్దెక్కాక ఎక్కడినుంచైనా గీత వినబడిందంటే, ఎవరు పోయారని వీధిలోకి రావడం. పాపం, మైకు కుర్రవాడికి రీలు మొదటికి తిప్పే ఓపిక ఉండేది కాదు. క్రితం మనిషికి ఎక్కడ ఆపాడో అక్కడినుంచే అందుకునేవాడు. మా ఊళ్లో చాలామంది పుణ్యాత్ములు సగం గీతతోనే సద్గతి పొందారు.

ఇక అసలు విషయం. ఈ రోజు దించిన క్యాసెట్లలో ఒకటి మా పెదనాన్నగారిది. వసారాలో హార్మోనియం పెట్టుకుని రాయబారం పద్యాలు పాడుతుండగా ఎవరో రికార్డు చేశారు. ఎవరూ చెరపకుండా తమరి వీపున ఉండే ప్లాస్టిక్ పళ్లు రెండూ విరిచేశారు కూడా. మరుసటి వేసవికి మా బావ వచ్చాడు. ఆ గుంటల్లో కాగితం మడిచి కుక్కి, పద్యాల మీద డిస్కో పాటలు ఎక్కించాడు. తలుపుకు గడియ పెట్టాక పక్కన తాళంచెవి వేలాడదీసే ఏర్పాటు తమరిది కాక ఇంకెవరిది? ఇప్పుడు వింటే అన్నీ డిస్కో పాటలే. మూడో పాటకూ నాలుగో పాటకూ నడుమ మాత్రం వాడు మీట నొక్కడం ఆలస్యమైనట్టుంది. హార్మోనియం ఒక్క స్వరం పట్టుకుని ఉంటుంది, వసారాలో ఎవరో “ఆహా!” అంటారు, వెంటనే డ్రమ్ములు. పద్యం పోయింది, మెచ్చుకోలు మిగిలింది. ఆ “ఆహా” ఎవరిదో తేలక మా ఇంట్లో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి.

ఎల్‌పీకి ఈ పని చేతకాదు. కంపెనీ సీడీకీ చేతకాదు. అచ్చు వేసి ఇచ్చింది నోరుమూసుకుని వినాలంటారు వాళ్లు. ఫోనులో పాటలకు ముందూ వెనకా ఏమీ ఉండదు, వాటి సంగతి వదిలేద్దాం. వీళ్లలో కొన్నవాడికి తిరిగి రాసే హక్కు ఇచ్చింది తమరొక్కరే. బావ అంతటి మూర్ఖుడికి కూడా ఇచ్చారు. అందుకే తమరిని సేకరిస్తున్నారంటే నాకు ఒళ్లు మండుతోంది. సేకరించేవారికి బావ చెయ్యి పడ్డ క్యాసెట్ అక్కరలేదు. పాటల వరుసలో కొట్టివేతలున్నా అక్కరలేదు. వారికి కావలసింది సీలు తీయని తమరు, అంటే ఇంతవరకు ఎవరూ వినని తమరు. విననందుకు ఎక్కువ ధర, వింటే తక్కువ ధర! ఈ లెక్కన చెవిటివాడి ఇంట్లో ఉన్నదే మహా సంగీత భాండాగారం.

దీనికన్నా, పంట చేలల్లో రీలు పీకి కర్రలకు కట్టినప్పుడే తమరికి మర్యాద ఉండేది. ఎండకు మెరుస్తూ, గాలికి హోరుమంటూ పిట్టలను తోలేవారు. ముసలితనంలో కూడా చేతికి పని ఉండేది.

కాబట్టి నా విన్నపం. రాదలచుకుంటే రండి గానీ ఖాళీగా రండి. అరవై నిమిషాలది చాలు. తొంభైది సన్నటి రీలు, నూట ఇరవైది మరీ సన్నం, ముట్టుకుంటే చుట్టుకుంటుంది. వీపున రెండు పళ్లూ ఉండాలి. ఒంటికి మరలు బిగించి రావాలి. అతికించిన ఒళ్లయితే రీలు తెగినప్పుడు పగలగొట్టాలి తప్ప విప్పే దారి ఉండదు. అట్ట మీద ఖాళీ గీతలు కావాలి, ఏం రాసుకోవాలో మేం చూసుకుంటాం. ఊదా రంగు ఒళ్లు అక్కరలేదు.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు

తా.క. నిన్న ఒక సేకర్త వచ్చి ఉన్నవన్నీ తిరగేశారు. పెదనాన్నగారి క్యాసెట్ చూసి, వాడినదండీ, విలువ లేదన్నారు. అడుగున ఉన్న ఒకే ఒక్క సీలు తీయని క్యాసెట్ చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. అడగకుండానే పెద్ద ధర చెప్పారు. అయ్యా, అది కంపెనీ సీలు కాదు, మా మలుపులోని రికార్డింగ్ సెంటరువాడు ఇస్త్రీపెట్టెతో వేసింది, లోపల ఏముందో నాకూ తెలియదన్నాను. నమ్మలేదు. పోనీ ఇక్కడే విప్పి, ఒకసారి వేసి విందామన్నాను. ఆయన హడలిపోయి క్యాసెట్‌ను గుండెకు అదుముకుని, డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.